మంట తగ్గని వానాకాలం

మా టౌన్‌షిప్ ఆసుపత్రి రికార్డులు నమ్మితే, ఒడిశాలోని కోరాపుట్ జిల్లా మొత్తం మీద మా అంత రోగిష్టి జనం ఇంకెక్కడా ఉండరు. ఇరవై మూడేళ్ళ వెల్డరుకి మోకాళ్ళు అరిగిపోయాయి. పెళ్ళి కాని క్రేన్ ఆపరేటరుకి ముగ్గురికి సరిపడా షుగరు. రోజూ పొద్దున్నే గ్రౌండులో పది రౌండ్లు పరిగెత్తే సెక్యూరిటీ గార్డుకి ఆయాసం.

సంగతేమిటంటే, ఫ్యాక్టరీ ఇచ్చే మెడికల్ బుక్కులో భార్య, పిల్లలు, తల్లిదండ్రుల పేర్లే ఉంటాయి. అక్కలు, బావలు, మేనత్తలు ఉండరు. కానీ బీపీలూ షుగర్లూ వాళ్ళకీ వస్తాయి కదా. అందుకని ఊళ్ళో ఎవరికి ఏ జబ్బొచ్చినా, ఇక్కడ బుక్కున్నవాడు అది తనదేనని చెప్పి మందులు తీసుకుంటాడు. శనివారం ఎవరో ఒకరి చేతికిచ్చి పంపిస్తాడు. దీన్ని ఎవరూ మోసం అనరు. సర్దుబాటు అంటారు.

ఆ పాత కాగితం ఫైళ్ళన్నీ కంప్యూటర్లోకి ఎక్కించడం నా ఉద్యోగం. భువనేశ్వర్‌లో బీటెక్ చదివి, చివరికి మా నాన్న సైకిలు మీద వెళ్ళే ఫ్యాక్టరీకే కాంట్రాక్టు మీద వచ్చి పడ్డాను. జూన్ నెలంతా ఆ జబ్బుల జాబితాలు చదువుకుని ఒక్కదాన్నే నవ్వుకున్నాను. సాయంత్రం ఇంటికి వస్తే నాన్న టీ తాగుతూ రోజూ ఒకటే అడిగేవాడు.

"ఏ నంబరు దాకా వచ్చేవమ్మీ?"

"నాలుగు వందల పది."

"ఆఁ. నిదానంగా సెయ్యి, కళ్ళు పాడైపోతాయి."

నా ఉద్యోగం మీద మా నాన్నకి ఎంత శ్రద్ధో అనుకున్నాను. ఫైళ్ళు ఉద్యోగుల టోకెన్ నంబర్ల వరసలో ఉండేవి. మా నాన్న గంగరాజు, టూల్ రూమ్ ఫిట్టరు, ఆయన టోకెన్ నంబరు పన్నెండు వందల డెబ్బై మూడు.

అమ్మకి మంట మొదలైంది ఆ జూన్‌లోనే.

కోరాపుట్ వానలంటే వచ్చి పోయేవి కావు, వచ్చి కూర్చునేవి. బట్టలు ఆరవు, గోడలు చెమరుస్తాయి, నూనెలో వేగేది ఏదైనా కావాలనిపిస్తుంది. అమ్మ ఉల్లిపాయ పకోడీ వేసేది, మాతోపాటు నాలుగు తినేది. గంట గడిచేసరికి ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని వంటింటి గట్టుకి ఆనుకుని నిలబడేది.

"ఏటమ్మా?"

"గేసు. పైకి తన్నుతోంది."

మా ఇంట్లో కడుపుకి సంబంధించిన సమస్తమూ గేసే. జూలైలో నాన్న బుక్కు పట్టుకుని అమ్మని ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. పద్ధతి ప్రకారం డాక్టరు ఎదురుగా ఉద్యోగి కూర్చుంటాడు, పక్కన స్టూలు మీద పేషెంటు. ఉద్యోగి చెప్తాడు, డాక్టరు రాస్తాడు. తిరిగొచ్చాక అడిగాను, డాక్టరు ఏమన్నాడని.

"నన్నేటంటాడు? మీ నాన్నతో అన్నాడు," అంది అమ్మ. "ఇంగ్లీసులో."

"ఎసిడిటీయే," అన్నాడు నాన్న. "పరగడుపున ఈ మాత్ర, అన్నానికి ముందు ఈ గులాబీ మందు రెండు మూతలు. కారం తగ్గించమన్నాడు."

నా వంతుగా నేను ఫోన్లో వెతికాను. టీ మానెయ్యాలి, తిన్న వెంటనే పడుకోకూడదు, మంచం తలవైపు ఎత్తుగా ఉంచాలి. ఎత్తు పెట్టడానికి ఇటుకలు కావాలన్నాను. ఆ ఆదివారమే నాన్న ఎక్కణ్ణుంచో రెండు ఇటుకలు తెచ్చి, బురద కడిగి, తడి తుడిచి, మంచం తలవైపు కోళ్ళ కింద పెట్టాడు. అమ్మని పడుకోబెట్టి మరీ చూసుకున్నాడు.

"బాగుందా పద్మా?"

"బాగుంది. జారిపోతాననిపిస్తంది గానీ."

మేం ముగ్గురం నవ్వాం. ఆ నవ్వు నాకింకా గుర్తుంది. గుర్తొచ్చినప్పుడల్లా ఒళ్ళు మండుతుంది.

మంట తగ్గలేదు. ఆగస్టుకి అది మంట కాకుండా పోయింది. కుడివైపు పక్కటెముకల కింద పట్టుకునేది. అక్కణ్ణుంచి వెనక్కి, భుజం రెక్క కిందకి పాకేది. పట్టుకుంటే రెండు గంటలు వదిలేది కాదు, కూర్చోనిచ్చేది కాదు, వాంతయ్యేది. గులాబీ మందు తాగితే గులాబీ రంగులో వాంతయ్యేది, అంతే తేడా. నాన్న మళ్ళీ తీసుకెళ్ళాడు. ఈసారి మాత్ర రంగు మారింది.

వినాయక చవితికి పద్మపూర్ నుంచి అత్త వచ్చింది. కృష్ణవేణమ్మ, మా నాన్నకి అక్క. అక్కడ వాళ్ళకి వరి, పత్తి. రాయగడ దాకా బస్సు, అక్కణ్ణుంచి రైలు. కకిరిగుమ్మ స్టేషను దాటగానే ఫోన్ చేసి "టీ పెట్టీయే పద్మా" అనడం ఆమెకి అలవాటు. మా అమ్మ నాన్నకి మేనమామ కూతురు కాబట్టి అమ్మా అత్తా వదినా మరదళ్ళ కంటే అక్కచెల్లెళ్ళలా ఉంటారు. అదే నుదురు, అదే గడ్డం. పక్కింటి ఒడియా వాళ్ళు ఇప్పటికీ ఒకరనుకుని ఇంకొకరిని పలకరిస్తారు.

గారెలు వేస్తూండగానే అమ్మకి నొప్పి వచ్చింది. చిల్లుల గరిటె అత్త చేతిలో పెట్టి గోడవారగా కూలబడిపోయింది. అత్త స్టవ్ ఆపి దగ్గరికొచ్చింది.

"ఎక్కడ? కుడిపక్కనా?"

అమ్మ తలూపింది.

"ఈపులోకి పోతందా? రెక్క కిందకి?"

"ఆఁ."

"తిన్న గంటకి పడతాదా? నూనెది తింటే ఎక్కువా?"

"అవునొదినా. నీకెలగ తెలుసు?"

అత్త చెయ్యి అమ్మ వీపు మీద ఒక్క క్షణం ఆగింది. నాన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అత్త ఆయన వైపు చూసి, మళ్ళీ కిందికి చూసింది.

"గేస్సేలే," అంది. "వాము నమిలి వేన్నీళ్ళు తాగు. మా ఊర్లో అందరికీ ఇదే రోగం."

తర్వాత అత్త గారెలు తను వేసి, తనే పదకొండు తిని, అరిగించుకుని పడుకుంది. వెళ్ళేటప్పుడు అమ్మకి ఒక కొత్త చీర పెట్టింది. ఆరేళ్ళుగా ఎప్పుడొచ్చినా పెడుతోంది. ఆడపడుచు చీర పెట్టడమేమిటో, పెట్టించుకోవాల్సింది పోయి, అని అమ్మ ప్రతిసారీ మురిసిపోయేది.

చవితి వెళ్ళిన వారానికి నేను పన్నెండు వందల డెబ్బై మూడుకి వచ్చాను.

నిజానికి ఆ ఫైలు ముందురోజు సాయంత్రమే వచ్చింది, సొంత ఇంటి జబ్బులు చదవడానికి సరదా పడి దాచుకుని, పొద్దున్న టీతోపాటు తెరిచాను. నాన్న చెవిలో రింగుమని మోత. నా ఎనిమిదో తరగతి టైఫాయిడు. ఆ తర్వాత పిన్ను చేసిన నాలుగు కాగితాలు. విశాఖపట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి డిశ్చార్జి సమ్మరీ. పేషెంటు పేరు: పద్మకుమారి. ఉద్యోగితో సంబంధం: భార్య. రాళ్ళ కారణంగా పిత్తాశయం తొలగింపు. ఆరేళ్ళ కిందటి డిసెంబరు.

టీ చల్లారిపోయింది. అప్పుడు నేను భువనేశ్వర్ హాస్టల్లో ఉన్నాను. అమ్మకి కడుపులో ఆపరేషనైతే నాకు చెప్పలేదా? రోజూ ఫోన్లో తిన్నావా అని అడిగిన మనిషి?

కాగితాలు పట్టుకుని డాక్టర్ దేబాశిష్ గదికి వెళ్ళాను. కొత్తగా వచ్చిన కుర్ర డాక్టరు, హిందీ, ఇంగ్లీషు కలిపి మాట్లాడతాడు. ఫైలు చూడగానే గుర్తుపట్టాడు.

"మీ అమ్మగారా? మంట ఇంకా తగ్గలేదా? గాల్ బ్లాడర్ తీసేసిన వాళ్ళలో కొందరికి ఇలా ఉంటుంది. పిత్తం నిల్వ ఉండే సంచి పోతుంది కదా, అది కడుపులోకి ఎగదన్ని మండుతుంది. అచ్చం ఎసిడిటీలాగే. అందుకే మందు మార్చాను."

"మంటే కాదు సార్. కుడివైపు నొప్పి. తిన్న గంటకి. రెక్క కిందకి పోతుంది, వాంతవుతుంది."

ఆయన పెన్ను కింద పెట్టాడు.

"ఆ మాట నాతో ఎవరూ చెప్పలేదు. అలాంటి నొప్పి అంటే ముందు గాల్ బ్లాడర్‌కే స్కానింగ్ రాస్తాం. రాళ్ళున్న వాళ్ళు సగంమంది గ్యాసనుకునే వస్తారు. కానీ తీసేసిన సంచిలో రాళ్ళెలా ఉంటాయి? జూలైలోనే ఫైల్లో చూసి మీ నాన్నగారిని అడిగాను కూడా, ఈ ఆపరేషన్ అయింది కదా అని. అయింది సార్ అన్నారు."

మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్ళాను. అమ్మ వంటింట్లో కట్టిన తాడు మీద తడి బట్టలు తిరగేస్తోంది. ఆ నెలలో చాలా చిక్కింది. జాకెట్టు భుజాల మీద నిలవడం లేదు.

"నీకు ఆపరేషనైందని నాకెందుకు సెప్పలేదమ్మా?"

"ఏటాపరేషనే?"

"కడుపుకి. విశాఖపట్నంలో. నేను హాస్టల్లో ఉన్నప్పుడు."

"నీకు మతి గానీ పోయిందేటి? నాకెవలు కోసేరు?" అమ్మ నవ్వుతూనే కొంగు పక్కకి తీసి చూపించింది. "నిన్ను కన్నప్పుడు కూడా గాటు పడలేదు. సూడు."

చూశాను. పొట్ట మీద ఒక్క మచ్చ లేదు. నా చేతిలో ఉన్న కాగితంలో నాలుగు రంధ్రాలు చేశారనీ, వాటికి కుట్లు వేశారనీ ఉంది.

"ఏ తేదీ ఏసేడు అందులో?" అంది అమ్మ.

"డిసెంబరు నాలుగు నుంచి తొమ్మిది."

అమ్మ చేతిలోని చొక్కా పిండింది. అది అప్పటికే పిండేసిన చొక్కా.

"ఆ నెల నాను పద్మపూర్లో ఉన్నాను," అంది. "కోతలు. మీ అత్తకి గర్భసంచి తీయిస్తన్నాం, ఇల్లు సూసుకోడానికి మనిషి నేదు, ఎల్లి సేసిపెట్టు అన్నాడు మీ నాన్న. ఇరవై రోజులు. కూలోళ్ళకి వండేను, గొడ్డుకి కుడితి పెట్టేను. మీ అత్త వచ్చినాక పథ్యం కూడా నానే పెట్టేను." చొక్కా తాడు మీద వేసి, ముడతలు లాగింది. "నూనె నేకుండా. ఎంతకీ నూనె ఒద్దంటాదేటి, గర్భసంచికి నూనెతో ఏటి పనని అడిగేను కూడా."

తర్వాత అన్నం పెట్టింది. తను తినలేదు.

నాన్న నాలుగున్నరకి వచ్చాడు. రైన్‌కోటు విప్పుతుంటే నీళ్ళు గుమ్మం నిండా కారాయి. కుర్చీ మీద ఆ నాలుగు కాగితాలు కనిపించేలా పెట్టాను. నాన్న వాటిని ముట్టుకోలేదు.

"అయితే వచ్చేసేవన్నమాట ఆ నంబరుకి," అన్నాడు.

అప్పుడు అర్థమైంది నాకు, రోజూ టీ వేళ ఆ ప్రశ్న ఎందుకు అడిగేవాడో.

"మరేటి సెయ్యమంటావమ్మీ," అన్నాడు రైన్‌కోటు మేకుకి తగిలిస్తూ. "అక్క నొప్పికి నేల మీద పడి దొర్లేది. రేపో మాపో సంచి పగిలిపోద్దన్నారు. నా కాడ బుక్కున్నాది. బుక్కెట్టుకుని సూస్తూ ఊరుకోమంటావా? టౌన్‌షిప్పులో ఎవలు సెయ్యలేదు?"

"అప్పటి సంగతి కాదు నాన్నా. ఈ జూలైలో డాక్టరు అడిగేడు. అయింది సార్ అన్నావు."

నాన్న నావైపు చూడలేదు. అమ్మవైపు అసలే చూడలేదు.

"మార్చిలో రిటైరై దిగిపోతన్నాను. విజిలెన్సోళ్ళకి తెలిస్తే ముప్పై ఏళ్ళ సర్వీసు... ఏప్రిల్లో ఇశాపట్నం తీసుకెళ్ళి సొంతంగా సేయించేద్దుననుకున్నాను. ఒట్టు. అందాకా మాత్రలతో నెట్టుకొచ్చేద్దారని."

"ఎవలు నెట్టుకొచ్చేది?" అంది అమ్మ.

నాన్న గొంతు తగ్గించి నాతోనే మాట్లాడాడు, అమ్మ పక్కగదిలో ఉన్నట్టు.

"నీ సేతిలోనే ఉన్నాది గదమ్మీ. ఆ కాయితాలు ఎక్కించకు. తడిసి పాడయిపోనాయను. డాక్టరుకి నాను పొరపాటున అన్నానని సెప్పుకుంటాను. అంతా సద్దుకుంటాది."

నిజం చెప్పాలంటే నేను ఆలోచించాను. రెండు నిమిషాల పని. నాలుగు కాగితాలు లేకపోతే అమ్మకి పిత్తాశయం తిరిగొచ్చేస్తుంది. జూన్‌లో నేను నవ్వుకున్న సర్దుబాట్లన్నిటికంటే చిన్న సర్దుబాటు.

"దాని సేత సేయించకు," అంది అమ్మ. "నువ్వు రా. రేపు పొద్దున్న నాతోటి ఆస్పత్రికి రా. ఎవలి పేరూ ఎత్తొద్దు, మీ అక్క మాట రానీకు. నా పెల్లానికి ఆపరేషనవలేదు సార్, అను. అదొక్కటీ నీ నోటితో అను."

"సరే," అన్నాడు నాన్న.

"అంటావా?"

"అన్నాను గదేటి, సరే అని."

మర్నాడు పొద్దున్న నేను లేచేసరికి నాన్న సైకిలు లేదు. ఆయనది పొద్దున్న ఎనిమిదింటి డ్యూటీ. ఎవరితోనో మార్చుకుని ఆరింటి షిఫ్టుకి వెళ్ళిపోయాడు. గ్లాసులో టీ సగం తాగి, పైన మూత పెట్టి మరీ వెళ్ళాడు.

అమ్మ స్నానం చేసి, ఇస్త్రీ చీర కట్టుకుని, వరండాలో స్టూలు మీద కూర్చుంది. అత్త పెట్టిన చీరల్లోది కాదది. తొమ్మిది దాకా కూర్చుంది. రోడ్డు మీద సైకిలు బెల్లు వినిపించినప్పుడల్లా తలెత్తి చూసింది. నేను గుమ్మంలోకి వచ్చేసరికి వాన కాస్త తెరిపిచ్చి వెలుతురు అమ్మ మొహం మీద పడుతోంది. కళ్ళు పచ్చగా ఉన్నాయి. తెల్లగుడ్డు అరటిపండు తొక్క రంగులోకి తిరిగింది.

"రాడమ్మా. పద," అన్నాను.

"ఇంకో పావుగంట సూద్దాం," అంది.

పావుగంట చూశాం.

డాక్టర్ దేబాశిష్ కళ్ళు చూడగానే లేచి నిలబడ్డాడు. ఉద్యోగి కూర్చునే కుర్చీ ఖాళీగా ఉంది. అమ్మ స్టూలు వైపు వెళ్ళబోయి, ఆగి, కుర్చీలో కూర్చుంది. ఒడియాలో చెప్పింది. మా అమ్మ ఒడియా కూడా శ్రీకాకుళం యాసలోనే ఉంటుంది, అయినా అర్థమవుతుంది.

"నా కడుపు సూడండి బాబూ. ఫైలు కాదు."

బల్ల మీద పడుకోబెట్టారు. డాక్టరు పొట్ట మీద మచ్చల కోసం వెతకడం నేను చూశాను. జూలైలో చీర మీంచే నొక్కి పంపేశాడు, ఆ సంగతి ఆయనకీ గుర్తొచ్చినట్టుంది, చెవులు ఎర్రబడ్డాయి. స్కానింగ్ మిషను పొట్ట మీద పెట్టి అటూ ఇటూ జరిపాడు. తెర మీద బూడిద రంగు మబ్బుల మధ్య నల్లటి సంచి, దాని అడుగున తెల్లటి గులకరాళ్ళు. ఒకటి పిత్తం దిగే గొట్టంలోకి జారి ఇరుక్కుందన్నాడు. పచ్చకామెర్లు అందుకేనట. ఈ రోజే విశాఖపట్నం వెళ్ళాలి, అంబులెన్సు పిలుస్తానన్నాడు.

తర్వాత ఫైలు మూసి, తెరిచి, మళ్ళీ మూశాడు.

"మరి ఆ ఆపరేషన్ ఎవరికైందమ్మా?"

"నా పేరుకైంది బాబూ," అంది అమ్మ. "నాకవలేదు."

ఆయన ఫైలు పక్కకి జరిపాడు. అప్పుడు నెమ్మదిగా, నాకు కాదు, అమ్మకే చెప్పాడు. రిఫరల్ పంపిస్తే హెడ్డాఫీసు వెనక్కి కొడుతుంది. తీసేసిన దాన్ని మళ్ళీ తీయడానికి ఎవరూ ఒప్పుకోరు. ముందు పాత రికార్డు తప్పని ఎక్కించాలి. ఎక్కిస్తే విచారణ వస్తుంది. గంగరాజు గారికి...

"ఎక్కించకపోతే నన్ను పంపుతారా?"

"కుదరదు."

"అయితే నన్నేల అడుగుతున్నారు?" అమ్మ పొట్ట మీది జిగురు దూదితో తుడుచుకుని లేచి కూర్చుంది.

రికార్డు దిద్దాల్సింది నేనే. సవరణకి కారణం నింపకపోతే సిస్టం ముందుకి కదలదు. మూడు ఎంపికలు ఇస్తుంది: టైపింగ్ పొరపాటు, రెండుసార్లు నమోదు, ఇతరములు. టైపింగ్ పొరపాటు అని నొక్కితే నాన్నకి ఏమీ కాదు. పాత రోజుల్లో ఫైళ్ళు రాసిన గుమస్తా ఎవరో, ఎప్పుడో రిటైరైపోయాడు, ఆయన ఖాతాలో పడిపోతుంది. నా వేలు అక్కడ ఎంతసేపుందో నాకు తెలియదు. గోడకి తల ఆనించి పచ్చటి కళ్ళతో అమ్మ నన్ను చూస్తోంది. నొక్కమనలేదు, వద్దనలేదు.

ఇతరములు నొక్కాను. పక్కన ఖాళీ గడిలో "చికిత్స పొందిన వ్యక్తి వేరు" అని కొట్టాను.

అంబులెన్సు పోర్టికోలోకి వచ్చి ఆగింది. అమ్మని చెయ్యి పట్టుకుని మెట్లు దింపుతుంటే, సైకిలు స్టాండు దగ్గర నాన్న కనిపించాడు. షిఫ్టు మధ్యలో గేట్ పాసు తీసుకుని వచ్చినట్టున్నాడు. చేతులకి ఇంకా గ్రీజు. రైన్‌కోటు లేదు, తడిసిపోయి ఉన్నాడు. మమ్మల్ని చూసి రెండడుగులు వేసి, ఇంక వెయ్యలేదు.

"ఏటన్నారమ్మీ?" అని నన్ను అడిగాడు.

నేను నోరు తెరిచేలోపు అమ్మ ఆగింది. ఆ కాగితాలు బయటపడ్డాక మొదటిసారి ఆయన మొహంలోకి తిన్నగా చూసింది.

"నా సంచి నాలోనే ఉన్నాదంట," అంది.